పెద్ద బోరు పిస్టల్, రివాల్వర్ తన్నును అదుపు చేయడం: మొదటి తూటా నుంచి రెండో తూటా దాకా

కుడిచేతి వాటం ఉన్న కొత్త మనిషికి 9 ఎంఎం బోరు (గొట్టం లోపలి వెడల్పు) పిస్టల్ ఇచ్చి, 25 మీటర్ల దూరంలోని టార్గెట్ మీద అయిదు తూటాలు కాల్చమనండి. చాలామందికి రంధ్రాలు నల్ల గుండ్రానికి కిందుగా, ఎడమవైపు పడతాయి. కొందరికి కాగితం మీద అసలు పడవు. ఎందుకిలా అయిందని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "పిస్టల్ తన్నేసిందండీ."

తూటా పేలగానే తుపాకీ వెనక్కి కుదపడమే తన్ను. అలా తన్నినప్పుడు గొట్టం మూతి పైకి లేస్తుంది. మరి బుల్లెట్ కిందికి ఎందుకు పోయింది? తన్నకముందే, తన్నబోతోందన్న భయంతో చెయ్యి మూతిని కిందికి నొక్కేసింది కాబట్టి. గురి తప్పింది తన్ను వల్ల కాదు, తన్ను కోసం ఎదురుచూడటం వల్ల. ఫైరింగ్ నేర్పిన ఇన్నేళ్ళలో నాకు బాగా తెలిసొచ్చిన విషయం ఇదే. అందుకే నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజే చెబుతాను: తన్నును ఆపాలని చూడకండి, ఆపలేరు. తుపాకీ ప్రతిసారీ ఒకేలా లేచి, ఒకేలా దిగి, సైట్లు (గురి చూసే గుర్తులు) మళ్ళీ మొదటి చోటికే వచ్చేలా పట్టుకోవడం నేర్చుకోండి. బలమైన చేతులున్న మనిషి కంటే, ప్రతిసారీ ఒకేలా పట్టుకునే మనిషే బాగా కాలుస్తాడు.

ఎవరికి పనికొస్తుంది, చట్టం ఏమంటుంది

గోదావరి డెల్టాలో ఇది కొద్దిమందికే అవసరం, కానీ వాళ్ళకు గట్టి అవసరం. పోలీసు, ఆర్మ్‌డ్ రిజర్వ్, కాకినాడ ఏపీఎస్పీ (ఆంధ్రప్రదేశ్ స్పెషల్ పోలీస్) బెటాలియన్ లాంటి చోట్ల 9 ఎంఎంతో ఫైరింగ్ చేయాల్సినవాళ్ళు ఉన్నారు. రైస్ మిల్లులు, రొయ్యల చెరువులు నడుపుతూ ఆత్మరక్షణకు .32 (అంగుళాల్లో బోరు) లైసెన్స్ తీసుకున్నవాళ్ళు ఉన్నారు. ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టి 25 మీటర్ల సెంటర్ ఫైర్ (పెద్ద బోరు పిస్టల్) పోటీల వైపు వెళ్ళాలనుకునే పిల్లలు ఉన్నారు. ఇక భీమవరం, అమలాపురం వైపు ఇంటికొకరు అమెరికాలో ఉన్న రోజులివి. అక్కడికి వెళ్ళిన తల్లిదండ్రులను, తమ్ముళ్ళను పిల్లలు సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి చేతికి ఏకంగా విపరీతంగా తన్నే .44 మాగ్నమ్ రివాల్వర్ ఇచ్చేస్తున్నారు. వాళ్ళ గురించి చివర్లో విడిగా చెబుతాను.

మన దేశంలో 9 ఎంఎం, .45, .455, .380 సర్వీస్ తూటాలు పేల్చగల పిస్టళ్ళు, రివాల్వర్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. మామూలు లైసెన్సుకు దొరికేది ఎక్కువగా .32, .22. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చి ఇతరులను ప్రమాదంలో పెడితే రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి.

మన నేల గురించి కూడా ఒక మాట చెప్పాలి. డెల్టా అంతా బల్లపరుపు. బుల్లెట్‌ను ఆపడానికి కొండ లేదు, గుట్ట లేదు. 9 ఎంఎం బుల్లెట్ కిలోమీటరున్నర దాటి పోగలదు, ఆ దూరంలో మన దగ్గర కచ్చితంగా ఒక ఊరు ఉంటుంది. "చెరువు గట్టు మీద నుంచి నీళ్ళలోకి కాల్చుకుంటే ఏముంది" అనుకునేవాళ్ళను చూశాను. తక్కువ కోణంలో నీటిని తాకిన బుల్లెట్ మునగదు, ఎగిరి అవతలి గట్టు మీదికి పోతుంది. కొబ్బరి తోటలోనూ అంతే, గుండ్రటి మాను బుల్లెట్‌ను ఎటు తిప్పుతుందో ఎవరూ చెప్పలేరు. ఇక్కడ రాసినదంతా అనుమతి ఉన్న రేంజ్‌లో, ఎత్తయిన మట్టి బట్ (బుల్లెట్లను ఆపే దిబ్బ) ఎదురుగా, పర్యవేక్షించే మనిషి పక్కన ఉన్నప్పుడు చేయాల్సినదే.

తన్ను ఎంత, ఎక్కడి నుంచి వస్తుంది

బుల్లెట్ ఎంత ఊపుతో ముందుకు పోతే తుపాకీ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. బుల్లెట్ బరువును వేగంతో గుణిస్తే ఆ ఊపు లెక్క తెలుస్తుంది. .22 బుల్లెట్ 2.6 గ్రాములు, సెకనుకు దాదాపు 320 మీటర్ల వేగం. దాన్ని ఒక పాలు అనుకుంటే, 6.4 గ్రాముల .32 లాంగ్ బుల్లెట్ ఊపు దాదాపు రెండు పాళ్ళు. 7.5 గ్రాముల 9 ఎంఎం మూడుంపావు పాళ్ళు. 15 గ్రాములకు కొంచెం తక్కువుండే .45 దాదాపు అయిదు పాళ్ళు. .44 మాగ్నమ్ ఏడు పాళ్ళు దాటుతుంది, పైగా అందులో పేలుడు మందు ఎక్కువ కాబట్టి గొట్టంలోంచి తన్నుకొచ్చే వాయువు ఊపు కూడా తోడవుతుంది.

చేతికి తగిలేది ఈ ఊపు ఒక్కటే కాదు, తుపాకీ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. కాన్పూర్‌లో తయారై 2014లో వచ్చిన 'నిర్భీక్' .32 రివాల్వర్ బరువు దాదాపు 500 గ్రాములు. అంత తేలికైన తుపాకీ తూటా పేలినప్పుడు సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. 1,100 గ్రాముల ఉక్కు .45 పిస్టల్ వచ్చే వేగం మూడున్నర మీటర్లు. మొత్తం శక్తి .45దే ఎక్కువ, కానీ వేగంలో తేడా కొంచెమే. 'చిన్న బోరే కదా' అని తేలికపాటి రివాల్వర్ కొన్నవాళ్ళు మొదటి తూటాకే ఉలిక్కిపడటానికి కారణం ఇదే. బరువైన తుపాకీ మోయడానికి కష్టం, కాల్చడానికి సుఖం. ఎక్కువ సాధన చేయాలనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుని కొనాలి.

ఇంకొక సంగతి. గొట్టం చేతి పట్టుకు పైన ఉంటుంది. అందుకే తుపాకీ నేరుగా వెనక్కి రాదు, మూతి పైకి తిరుగుతూ వస్తుంది. పట్టుకూ గొట్టానికీ మధ్య ఎత్తు ఎంత తగ్గితే మూతి అంత తక్కువ లేస్తుంది.

బుల్లెట్ గొట్టంలో ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. మనిషి ఒక కదలికకు స్పందించడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. అంటే తన్ను తెలిశాక మీరు ఏం చేసినా ఆ బుల్లెట్‌ను మార్చలేరు, అది అప్పటికే టార్గెట్ దాటిపోయి ఉంటుంది. అయితే ఆ వెయ్యో వంతులో తుపాకీ కొద్దిగా కదలడం మొదలవుతుంది. రివాల్వర్‌లో బరువైన, నెమ్మదైన బుల్లెట్లు కాస్త పైన తగలడానికి కారణం అదే. కాబట్టి ఒక తూటాకు గట్టిగా, ఇంకో తూటాకు వదులుగా పట్టుకుంటే రెండూ రెండు చోట్ల పడతాయి.

మొదటి మెట్టు: చెవులు, కళ్ళు, చేతి చెమట

తన్నుకు భయపడుతున్నాం అనుకునేవాళ్ళలో చాలామంది నిజంగా భయపడేది చప్పుడుకు. పిస్టల్ పేలినప్పుడు చెవి దగ్గర శబ్దం 150 డెసిబెల్స్ దాటుతుంది. చెవి లోపల పెట్టుకునే స్పాంజి ప్లగ్గులు, వాటి మీద ఇయర్ మఫ్స్, రెండూ కలిపి వాడండి. ప్లగ్గును వేళ్ళతో సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా పట్టుకోవాలి. ఊరికే బయట గుచ్చుకుంటే ఉపయోగం లేదు. చప్పుడు తగ్గగానే అదే పిస్టల్ సగం తన్నుతున్నట్టు అనిపిస్తుంది. దూది కుక్కుకోవడం రక్షణ కాదు.

కళ్ళద్దాలు తప్పనిసరి. రివాల్వర్ సిలిండర్ (తూటాలు పెట్టే, గుండ్రంగా తిరిగే భాగం) సందులోంచి సీసపు తునకలు వస్తాయి, పిస్టల్‌లోంచి వేడి ఖాళీ కేసులు (పేలిన తూటా తొడుగులు) ఎగురుతాయి. చొక్కా పై బొత్తాం పెట్టుకోండి. మెడ లోపల వేడి కేసు పడి, చేతిలో తుపాకీ ఉందన్న సంగతి మరిచి గిరుక్కున తిరిగినవాళ్ళు ఉన్నారు.

మన ఉక్కపోత ఈ పనికి పెద్ద అడ్డు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా రేంజ్‌లో నిలబడితే పది నిమిషాల్లో అరచేతులు తడిసిపోతాయి. తడి చేతిలో పిస్టల్ ప్రతి తూటాకూ కొంచెం జారుతుంది, మీకు తెలియకుండానే పట్టు మారిపోతుంది. పొడి నూలు తువ్వాలు దగ్గర పెట్టుకుని, తూటాలు నింపే ప్రతి మ్యాగజైన్‌కూ చేతులు తుడుచుకోండి. జిమ్‌లో వాడే చాక్ పొడి కొద్దిగా రాసుకుంటే మేలు. ఆ ఉదయం తలకు కొబ్బరినూనె రాసుకుని ఉంటే చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. పిస్టల్ పిడి మరీ నునుపుగా ఉంటే రబ్బరు గ్రిప్ వేయించుకోవచ్చు, అతికించుకునే గరుకు టేప్ అయినా చాలు. వీలుంటే పొద్దున ఎనిమిదిలోపే ఫైరింగ్ ముగించండి.

ఇక ఏ తుపాకీ చేతికొచ్చినా పాటించాల్సిన నియమాలు ఎప్పటివే. అది లోడ్ అయి ఉందనే భావించాలి. మూతి ఎప్పుడూ బట్ వైపే ఉండాలి. సైట్లు టార్గెట్ మీదికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. టార్గెట్ వెనక ఏముందో తెలిసి ఉండాలి.

రెండో మెట్టు: పట్టు

అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెట్టండి.

తుపాకీ ఖాళీ అని మీరు చూసి, పక్కవారికి కూడా చూపించాక మొదలుపెట్టండి. కాల్చే చెయ్యి బొటనవేలుకూ చూపుడువేలుకూ మధ్య ఉన్న చర్మాన్ని పిడి వెనక భాగంలో ఎంత పైకి వెళ్తే అంత పైకి నెట్టాలి. పిస్టల్ అయితే వెనక పొడుచుకొచ్చిన లోహపు తోక కిందికి పూర్తిగా ఆనాలి, మధ్యలో సందు కనిపించకూడదు. అయితే చర్మం స్లైడ్ (పేలినప్పుడు వెనక్కి వెళ్ళి వచ్చే పై భాగం) దారిలోకి రాకూడదు, వస్తే కోసేస్తుంది. గొట్టం, మణికట్టు, మోచెయ్యి దాకా ఉన్న ఎముక, ఈ మూడూ పైనుంచి చూస్తే ఒకే గీతలో ఉండాలి. చిన్న చేతులవాళ్ళు ట్రిగ్గర్ అందడం కోసం పిస్టల్‌ను పక్కకు తిప్పి పట్టుకుంటారు. అప్పుడు తన్ను మొత్తం బొటనవేలి కీలు మీద పడుతుంది, మరునాటికి వాపు వస్తుంది. ట్రిగ్గర్ అందకపోతే ఆ తుపాకీ మీది కాదు, పిడి సన్నగా ఉన్నది చూసుకోండి.

ఇప్పుడు రెండో చెయ్యి. పిడి ఎడమ పక్కన, కాల్చే చేతి వేళ్ళ కొసలకూ అరచేతి మడమకూ మధ్య కొంచెం ఖాళీ మిగులుతుంది. ఎడమ అరచేతి మడమ ఆ ఖాళీలో సరిగ్గా కూర్చోవాలి. ఎడమ వేళ్ళు ట్రిగ్గర్ గార్డుకు కిందుగా, కుడి వేళ్ళ మీదుగా చుట్టుకోవాలి. ఎడమ మణికట్టును కొద్దిగా కిందికి, ముందుకు వంచండి. అలా వంచగానే కీలు బిగుసుకున్నట్టు తెలుస్తుంది. మూతి మరీ ఎక్కువ లేవకుండా చూసేది ముఖ్యంగా ఈ బిగువే.

బలం ఎంత పెట్టాలి? ఎడమ చెయ్యి గట్టిగా, కుడి చెయ్యి కొంచెం తక్కువగా. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. కుడి చెయ్యి మొత్తం బిగిస్తే ట్రిగ్గర్ వేలు కూడా బిగుసుకుపోయి, వేలు ఒక్కటే కదలాల్సిన చోట చెయ్యంతా కదులుతుంది. చెయ్యి వణకడం మొదలయ్యేంత గట్టిగా పట్టి, వణుకు ఆగేదాకా వదలండి. మీకు సరిపడే బిగువు అక్కడే ఉంటుంది.

బొటనవేళ్ళ సంగతి పిస్టల్‌కు వేరు, రివాల్వర్‌కు వేరు. పిస్టల్‌లో రెండు బొటనవేళ్ళూ ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటిగా టార్గెట్ వైపు చాచి ఉంచాలి. ఎడమ బొటనవేలిని కుడిచేతి వెనక్కి అడ్డంగా వేయడం చాలా ప్రమాదం, వెనక్కి దూసుకొచ్చే స్లైడ్ వేలిని చీరేస్తుంది. రివాల్వర్‌లో మాత్రం వేళ్ళు ముందుకు చాచకూడదు. సిలిండర్‌కూ గొట్టానికీ మధ్య ఉన్న సందులోంచి కత్తిలా కోసే వేడి వాయువు వస్తుంది. మాగ్నమ్ రివాల్వర్లలో అది వేలిని తెగ్గొట్టేంత తీవ్రంగా ఉంటుంది. కుడి బొటనవేలిని కిందికి మడిచి, దాని మీద ఎడమ బొటనవేలు వేసి నొక్కి పట్టాలి.

మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్‌కు ఇంకో ఇబ్బంది. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్ళాలంటే ఫ్రేమ్ (పిడి ఉన్న కింది భాగం) కదలకుండా నిలబడాలి. చెయ్యి కూడా దాంతోపాటు వెనక్కి పోతే స్లైడ్ సగంలోనే ఆగుతుంది, ఖాళీ కేసు నిలువుగా ఇరుక్కుంటుంది. పిస్టల్ పాతదని తిట్టుకునే ముందు మణికట్టు చూసుకోండి.

మూడో మెట్టు: నిలబడటం

గోదావరి దాటే పంటు రేవుకు తగలబోతున్నప్పుడు రోజూ తిరిగే మనిషి ఎలా నిలబడతాడో చూడండి. ఒక కాలు కొంచెం ముందు, మోకాళ్ళు వదులు, నడుము పైభాగం ముందుకు. ఏ తాడూ పట్టుకోడు, కుదుపు వస్తుంది, పోతుంది, అతను అక్కడే ఉంటాడు. పెద్ద బోరు కాల్చేటప్పుడు నిలబడాల్సింది అచ్చం అలాగే.

కాళ్ళు భుజాల వెడల్పున, కాల్చే చేతివైపు కాలు అర అడుగు వెనక్కి. బరువు మడమల మీద కాకుండా పాదాల ముందుభాగం మీద ఉండాలి. భుజాలు తుంటి కంటే ముందుకు రావాలి. భయపడే మనిషి తనకు తెలియకుండానే వెనక్కి వాలి, నడుము విల్లులా వంచి, తుపాకీని దూరంగా పెడతాడు. అప్పుడు తన్ను మనిషిని వెనక్కి నెట్టేస్తుంది, రెండో తూటాకు మళ్ళీ మొదటినుంచి సర్దుకోవాలి. చేతులు పూర్తిగా చాచండి, మోచేతులు మాత్రం కర్రల్లా బిగించకండి, కొంచెం వదులు ఉంచండి. తలను తుపాకీ దగ్గరికి వంచకూడదు, తుపాకీనే కంటి ఎత్తుకు తేవాలి.

సెంటర్ ఫైర్ పోటీలకు వెళ్ళేవాళ్ళకు ఈ నిలబడే తీరు పనికిరాదు. అక్కడ ఒక్క చేత్తోనే కాల్చాలి. 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల బోరు, కనీసం వెయ్యి గ్రాముల ట్రిగ్గర్ బరువు ఉండాలి. మొత్తం 60 తూటాల్లో సగం అయిదు నిమిషాలకు అయిదు చొప్పున నింపాదిగా, మిగతా సగం ప్రతి తూటాకూ మూడు సెకన్ల గడువుతో కాల్చాలి. రెండో చెయ్యి లేదు కాబట్టి అక్కడ మణికట్టే ఆధారం. శరీరం పక్కకు తిరిగి, రెండో చెయ్యి జేబులో పెట్టుకుని, భుజం నుంచి మూతి దాకా ఒకే కడ్డీలా ఉండాలి. ఎక్కువమంది .32 లాంగ్ తూటా ఎంచుకునేది దాని తన్ను తక్కువ కాబట్టే. 2006 దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా ఈ పోటీలోనే 600కి 590 సాధించి స్వర్ణం గెలిచారు. వరసగా అరవై సార్లు తన్నిన తుపాకీ అరవై సార్లూ దాదాపు అదే చోటికి తిరిగొచ్చింది.

నాలుగో మెట్టు: ట్రిగ్గర్, ఉలికిపాటు

వేలి మొదటి కణుపు మధ్యభాగం ట్రిగ్గర్ మీద ఉండాలి. డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ లాగుడుతోనే హ్యామర్ కూడా లేచే) రివాల్వర్‌కు లాగాల్సిన బరువు ఎక్కువ కాబట్టి కీలు దాకా వేయొచ్చు. చూపు ఫ్రంట్ సైట్ (మూతి దగ్గరి సైటు) మీద నిలపండి, టార్గెట్ మసగ్గా కనబడినా ఫరవాలేదు. ఇక నొక్కడం మొదలుపెట్టాక ఆపకుండా, పెంచుతూ పోవాలి. 'ఇప్పుడే' అని ముహూర్తం పెట్టుకుని గభాల్న లాగకండి. ముహూర్తం పెట్టుకున్నారంటే ఆ క్షణానికి శరీరం ముందే సిద్ధమై, మూతిని కిందికి తోసేస్తుంది. సరిగ్గా నొక్కినప్పుడు ఎప్పుడు పేలుతుందో మీకే తెలియకూడదు.

పేలాక వేలు వెంటనే వదలకండి. వెనక్కే నొక్కి ఉంచి, సైటు లేచి దిగడం చూడండి. దిగాక నెమ్మదిగా వేలు ముందుకు వదిలితే ఒకచోట చిన్న టిక్ వినిపిస్తుంది, అక్కడి నుంచే తర్వాతి తూటా.

మీరు ఉలిక్కిపడుతున్నారో లేదో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: పేలినప్పుడు ఫ్రంట్ సైట్ పైకి లేవడం మీకు కనిపించిందా? కనిపించలేదంటే కళ్ళు మూసుకున్నారు. కళ్ళు మూసుకున్నారంటే చెయ్యి కూడా ఏదో చేసే ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతో తమ తప్పు తామే పట్టుకున్న కానిస్టేబుళ్ళు ఎందరో.

దీనికి నాకు తెలిసిన మంచి మందు డమ్మీ తూటా. మీకు కనబడకుండా పక్కనున్నవారు మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య రంగు వేసిన డమ్మీలు కలిపి పెట్టాలి. రివాల్వర్ అయితే సిలిండర్‌లో కొన్ని గదుల్లో ఖాళీ కేసులు వేసి తిప్పి మూయాలి. డమ్మీ వచ్చిన చోట 'టిక్' అంటుంది, తుపాకీ తన్నదు. అయినా మూతి కిందికి దిగిందంటే అది మీ పని. మొదటిసారి అది చూసినప్పుడు అందరూ నివ్వెరపోతారు, నమ్మలేరు. ఆ తర్వాత కొద్దిసేపటికే తగ్గడం మొదలవుతుంది. ఒక జాగ్రత్త: టిక్ అన్నప్పుడు అది డమ్మీయో, ఆలస్యంగా పేలబోయే అసలు తూటాయో తెలియదు. మూతి బట్ వైపే ఉంచి, 30 సెకన్లు ఆగి, రేంజ్ అధికారి చెప్పాకే తెరవండి.

ఇంట్లో ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ సాధన చేయొచ్చు. తూటాలకు కొరత ఉన్న లైసెన్సుదారులకు ఇదే అసలైన సాధన. తూటాలు వేరే గదిలో పెట్టి తాళం వేయండి. తుపాకీలో తూటా కూర్చునే గదిని రెండుసార్లు చూసి, వేలుతో తడిమి ఖాళీ అని తేల్చుకోండి. మూతి ఎవరూ లేని గట్టి గోడ వైపు పెట్టండి, పిల్లలు ఇంట్లో తిరుగుతున్నప్పుడు వద్దు. ఫ్రంట్ సైట్ మీద ఒక చిన్న నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కండి. రోజుకు పది నిమిషాలు చాలు. .22కు స్నాప్ క్యాప్ (సాధనకు వాడే డమ్మీ తూటా) లేకుండా ఇలా చేయకండి, తూటాను కొట్టే పిన్ను దెబ్బతింటుంది.

అయిదో మెట్టు: బోరు పెంచుకుంటూ పోవడం

.22తో మొదలుపెట్టండి. 10 మీటర్లలో అయిదు తూటాలు అరచేతి అంత చోట పడేదాకా అక్కడే ఉండండి. తర్వాత .32, ఆ తర్వాత 9 ఎంఎం, ఆపైన అవకాశముంటే .45. ప్రతి కొత్త బోరుతో దూరం మళ్ళీ 5 మీటర్లకు తగ్గించాలి. దగ్గరి టార్గెట్ అయితే గురి గురించిన టెన్షన్ ఉండదు, ధ్యాసంతా పట్టు మీద, సైటు లేవడం మీద పెట్టొచ్చు.

పెద్ద బోరు రోజు చివర ఒక అయిదు .22 తూటాలు కాల్చి ముగించండి. ఆ అయిదూ కింద పడుతున్నాయంటే ఆ రోజు ఉలికిపాటు నేర్చుకున్నారన్నమాట, తర్వాతి సారి ఒక మెట్టు దిగండి.

9 ఎంఎం, .45 అయితే ఒక రోజుకు యాభై తూటాల లోపు, మాగ్నమ్ అయితే ఇరవై లోపు ఆపేయమంటాను. అలసిన చెయ్యి తప్పుడు అలవాట్లు నేర్చుకుంటుంది. వేళ్ళు తిమ్మిరెక్కినా, మణికట్టులో పోటు వచ్చినా అక్కడితో ఆపాలి. కీళ్ళవాతం, మణికట్టు నరం నొక్కుకుపోయే సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా పెద్ద బోరు జోలికి పోవద్దు. బలం కోసం తడి దుప్పటి పిండటం, నీళ్ళ బకెట్లు రెండు చేతులా పట్టుకుని నడవడం చాలు. ఎన్నికల కోడ్ వచ్చి తుపాకీ స్టేషన్‌లో డిపాజిట్ చేసిన నెలల్లో ఈ కసరత్తు మానకండి. తిరిగొచ్చాక పిడి మరలు బిగించి, గొట్టంలో తుప్పు చూసి, మళ్ళీ 5 మీటర్ల నుంచి మొదలుపెట్టండి.

టార్గెట్ కాగితం చదవడం

కుడిచేతి వాటం వాళ్ళకు వర్తించేలా చెబుతున్నాను, ఎడమచేతి వాటం వాళ్ళు పక్కలు మార్చి చదువుకోండి. కింద ఎడమన పడితే ఉలికిపాటు, లేదా నొక్కేటప్పుడు చెయ్యంతా బిగించడం. నేరుగా కింద పడితే మణికట్టు ముందే దించుతున్నారు. పైన పడితే పేలకముందే అరచేతి మడమతో తోస్తున్నారు. నిలువు గీతలా పడుతున్నాయంటే ఒక్కో తూటాకు పట్టు ఒక్కోలా ఉంది, లేదా ఊపిరి ఆపడం లేదు. చెల్లాచెదురుగా పడితే కారణం వెతకొద్దు, విశ్రాంతి తీసుకోండి. అన్నీ ఒకేచోట, కానీ మధ్యలో కాకుండా పడితే మీ తప్పేం లేదు, సైట్లు సర్దించుకోవాలి.

అమెరికా వెళ్ళినప్పుడు

అక్కడి పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నలకు మొదటే మాగ్నమ్ ఇచ్చి, వాళ్ళు ఎగిరిపడుతుంటే వీడియో తీయకండి. ముందు .22, తర్వాత ఉక్కు ఫ్రేమ్ ఉన్న 9 ఎంఎం. తప్పదనుకుంటే .357 మాగ్నమ్ రివాల్వర్‌లోనే .38 స్పెషల్ తూటాలు వేసి ఇవ్వొచ్చు, అందులో అవి చక్కగా పేలతాయి, తన్ను సగానికి తగ్గుతుంది.

.44, .500 మాగ్నమ్ లాంటివి మొదటిసారి ఇస్తున్నప్పుడు ఒక్క తూటానే వేయాలి. ఈ నియమం ఎవరికోసమూ సడలించకూడదు. మొదటి తన్నుకు మూతి ఆకాశంలోకి లేచినప్పుడు, జారిపోతున్న తుపాకీని పట్టుకోబోయి చెయ్యి బిగుసుకుని, వేలు మళ్ళీ ట్రిగ్గర్ లాగేస్తుంది. రెండో తూటా ఉంటే అది తల వైపు తిరిగిన గొట్టంలోంచి పోతుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. ఇచ్చేవారు వెనక, కొంచెం పక్కగా నిలబడి, ఆ మనిషి భుజం దగ్గర చెయ్యి ఉంచాలి.

ఫైరింగ్ అయ్యాక

చేతులు, ముఖం చల్లటి నీళ్ళతో, సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినొద్దు, టీ కూడా తాగొద్దు. చేతుల మీద సీసం ఉంటుంది. ఆ బట్టలతో చంటిపిల్లలను ఎత్తుకోకండి.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలో కాల్చిన తుపాకీ ఒక్క రాత్రి అలాగే వదిలితే పొద్దుటికి ఎర్రబారుతుంది. గొట్టంలో సాల్వెంట్‌తో బ్రష్ తిప్పి, పొడి గుడ్డ నల్లబడకుండా వచ్చేదాకా తుడిచి, గన్ ఆయిల్ పల్చగా పట్టించండి. కొబ్బరినూనె వద్దు, అది జిగురుకట్టి స్లైడ్‌ను నెమ్మదింపజేస్తుంది. పిడి మీద మాత్రం నూనె చుక్క మిగలకూడదు, రెండోసారి పొడి గుడ్డతో తుడవండి. తోలు కేసులో పెట్టి దాచకండి, తోలు తేమ పీలుస్తుంది. సిలికా జెల్ సంచులు వేసిన పెట్టెలో తుపాకీ, వేరే తాళం ఉన్న పెట్టెలో తూటాలు పెట్టండి. వానాకాలంలో ఆ సంచులను నెలకొకసారి మార్చండి.